కందీలు నడిచొచ్చిన తొవ్వ

మున్నవర్ బేగం తెలుగు పాఠం చెబుతుంటే పక్కగదిలో లెక్కలు చెప్పడమంత కష్టమైన పని ఇంకొకటి లేదు. ఆ కష్టం నేను చాలా ఏళ్ళు పడ్డాను. మహబూబాబాద్‌లో మేమిద్దరం పనిచేసిన ప్రైవేటు బడిలో గదికీ గదికీ మధ్య గోడ ఉండేది కాదు, ప్లైవుడ్ చెక్క ఉండేది. అటువైపు ఆమె పద్యం ఎత్తుకుంటే ఇటువైపు నా పిల్లలు త్రికోణమితి వదిలేసి తలలు ఊపేవారు. నాకు ఒళ్ళు మండేది. నాకు కోపం తొందరగా వస్తుంది, అది ఊరందరికీ తెలిసిందే. మా ఆయన రాజమౌళికి మిర్చి, పప్పుల టోకు వ్యాపారం. "అనసూయ కోపం, మిర్చి ధర ఒక్క తీరు. ఎప్పుడు లేస్తదో ఎవలకు తెల్వది" అని దుకాణానికి వచ్చినవాళ్ళందరికీ చెబుతుంటారు.

అంత కోపిష్టిదాన్నయినా మున్నవర్‌తో మాత్రం నాకు ఎప్పుడూ చెడలేదు. ఎందుకంటే ఆమె ఎదటి మనిషి కోపాన్ని అసలు లెక్కలోకే తీసుకోదు. నేను చెక్క మీద దబదబా కొడితే, "అక్కా, జర ఆగు, గీ పద్యం అయిపోని" అని అక్కడి నుంచే చెప్పి, ఇంకో పద్యం కూడా పాడి ఆపేది.

ఆమె తండ్రి నబీసాబ్‌ను మానుకోట బజారులో కందీళ్ల నబీసాబ్ అనేవారు. మా ప్రాంతంలో మహబూబాబాద్‌ను మానుకోట అనే అంటాం. కందీలంటే చేతిలో పట్టుకుపోయే దీపం, గాలికి ఆరిపోకుండా చుట్టూ గాజుబుడ్డి, కింద గ్యాసునూనె పోసే డబ్బా. దాని డబ్బా కారినా, బత్తి తిప్పే మర బిగుసుకుపోయినా చుట్టుపక్కల తండాల నుంచి, పల్లెల నుంచి అందరూ ఆయన దగ్గరికే వచ్చేవారు. మున్నవర్ తల్లికి కూతుర్ని ఉర్దూ బడిలో వేయాలని ఉండేది. కానీ ఉర్దూ బడి పట్టాలకు అవతల ఉంది, తెలుగు బడి వీధికి ఎదురుగా ఉంది. చిన్నపిల్ల రైలు పట్టాలు దాటడమెందుకని తెలుగు బడిలో వేశారు. బడి వదిలాక ఆ పిల్ల తండ్రి దుకాణంలో కూర్చుని, తమ వంతు కోసం ఎదురుచూసేవాళ్ళకు పేపరు గట్టిగా చదివి వినిపించేది. చదువుతుంటే నలుగురూ ఆగి వినడం ఆమెకు అప్పుడే అలవాటయింది. ఆ అలవాటే తర్వాత నా ప్రాణం తీసింది.

తెలుగు పండిత శిక్షణ పూర్తి చేసింది. సర్కారు కొలువు రెండుసార్లు చేతిదాకా వచ్చి జారిపోయింది. "తురకోల్ల పిల్లకు తెలుగు పంతులమ్మ కొలువేంది" అని మా దుకాణంలోనే ఒక పెద్దమనిషి అన్నాడు, ఆమె అక్కడ ఉండగానే. నేను నోరు తెరిచేలోపే ఆమె అందుకుంది. "కాకా, పొద్దుగూకంగనే మీ ఇంట్ల దర్వాజ పెట్టుమంటవ్, ఖిడికి పెట్టుమంటవ్. గవి ఎవల మాటలు? మా మాటలు మీరు వాడుకుంటున్నరు, మీ మాటలు నేను చెప్పుకుంటున్న. లెక్క సరిపాయె." ఆయన నవ్వేశాడు, తర్వాత మనవణ్ణి ఆమె దగ్గరే ట్యూషన్‌కు పెట్టాడు.

నేను చెప్పబోయేది తెలంగాణ ఉద్యమం మంచి ఊపు మీదున్న రోజుల సంగతి. సకల జనుల సమ్మె మొదలుకావడానికి రెండు నెలల ముందు, బడులు తెరిచి మొదటి పరీక్ష జరిగింది. పదో తరగతికి "కరెంటు పోయిన రాత్రి" అని వ్యాసం ఇచ్చారు. నీలి అనే లంబాడీ పిల్ల, తండా నుంచి ఆటోలో వచ్చేది, ఎవరితోనూ ఎక్కువ మాట్లాడేది కాదు, చక్కగా రాసింది. అందులో "మా అవ్వ కందీలు ముట్టించింది" అని ఒక వాక్యం ఉంది. మున్నవర్ దానికి మంచి మార్కులే వేసింది. పదో తరగతి కాగితాలన్నీ ప్రిన్సిపాల్ మరోసారి చూడడం మా బడి ఆనవాయితీ. ఆయన "కందీలు"ను ఎర్రసిరాతో కొట్టేసి, పైన "లాంతరు" అని రాసి, మార్కు తగ్గించారు.

ప్రిన్సిపాల్ వెంకటరత్నం గారిది గోదావరి వైపు. పెళ్ళికి ముందే మానుకోట వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. చెడ్డవాడు కాదు. ఆ మాట నేను ఒప్పుకోవడమంటే మామూలు విషయం కాదు, ఎందుకంటే ఆయన నా టైంటేబుల్‌ను ఏటా నాశనం చేసేవారు. కానీ తెలుగు విషయంలో తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. మున్నవర్ కాగితం పట్టుకుని ఆయన గదికి వెళ్ళింది. పక్కనే రిజిస్టరులో సంతకం పెడుతున్నాను కాబట్టి అంతా విన్నాను.

"సార్, గిది తప్పెట్ల అయితది? ఇక్కడ ఇంటింట అంటరు" అంది ఆమె.

"ఇంట్లో అనేవన్నీ పరీక్షలో రాస్తారా అమ్మా? రేపు పబ్లిక్ పరీక్షలో ఎవరు దిద్దుతారో మనకు తెలియదు. వాడు మార్కు కోస్తే ఆ పిల్లకి మీరిస్తారా? అది ఉర్దూ మాట. లాంతరు తెలుగు మాట."

"కందీలు కూడ తెలుగు మాటే సార్."

"రుజువు చూపించండి. ఏదైనా నిఘంటువులో అది తెలుగు మాట అని చూపిస్తే నా చేత్తో నేనే ఈ గీత తీసేసి మార్కు వేస్తాను. అంతవరకు పదో తరగతి తెలుగు నేను చెబుతాను. పరీక్ష ఏడాది, పిల్లలతో ప్రయోగాలు వద్దు."

అంటే పదో తరగతి ఆమె చేతిలోంచి పోయింది. వాళ్ళు ఆరో తరగతిలో చేరినప్పటి నుంచీ ఆమె పిల్లలు. ఎవరికి ఒత్తులు రావో, ఎవరు పద్యం మధ్యలో మరిచిపోతే ఏ మాట అందిస్తే మళ్ళీ ఎత్తుకుంటారో ఆమెకు తెలుసు. వాళ్ళను గట్టెక్కించే ఏడాదిలో ఆమెను పక్కన కూర్చోబెట్టారు. ఏడుస్తుందనుకున్నాను. క్యారేజీ విప్పి, "అక్కా, జనగామల మా అబ్దుల్ బారీ మామ ఉన్నడు. అరబ్బీ పంతులు. ఆయన దగ్గర గింత లావు లుఘత్ ఉంటది. ఐతారం పోదాం రా" అని అన్నం కలుపుకుంది. లుఘత్ అంటే నిఘంటువు. నన్ను అడగడం కాదు, తీసుకుపోతున్నానని చెప్పడం.

ఆ ఐతారం నాటికి రంజాన్ నెల మొదలైంది. అబ్దుల్ బారీ గారు ఉపవాసంలో ఉన్నారు. మేనకోడలు వచ్చి కందీలు మూలం చెప్పమంటే ఆయనకు ఎంత సంబరమో. "ఖందీల్ మన మాట బిడ్డా. తుర్కీ దేశంల పండుగ రాత్రులనే కందీల్ అంటరు, మినార్లకు దీపాలు పెడతరు గనుక" అంటూ లుఘత్ దించారు. పేజీ దొరికింది. కళ్ళద్దాలు పెట్టుకుని చదివారు, అవి తుడుచుకుని మళ్ళీ చదివారు. ఉత్సాహం సగం తగ్గింది. "పరాయి దిక్కు నుంచి అరబ్బీలకొచ్చిన మాట అని రాసిండు. రూమీల దగ్గరి నుంచి" అన్నారు.

"రూమీలంటే?" అన్నాను.

"రోము దేశపోళ్లు, గ్రీకోళ్లు. మనోళ్లు అందరిని కలిపి రూమ్ అనెటోళ్లు. గిక నన్నడిగి లాభం లేదు. లాటిన్ కావాలంటే ఫాదరు దగ్గరికి పోవాలె."

ఆ ఫాదరు అబ్దుల్ బారీ గారికి పాత స్నేహితుడు. ఇద్దరూ ఒకే మందుల దుకాణంలో బీపీ మాత్రలు కొనుక్కుంటూ కలిశారట. కేరళ మనిషి, జనగామలో ముసలివాడయ్యాడు, తెలుగు బాగా మాట్లాడతాడు కానీ ప్రతి మాటా కొంచెం గుండ్రంగా పలుకుతాడు. మేం అడిగింది విని ఆయన కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. చాలాకాలంగా ఎవరూ ఆయన్ను లాటిన్ గురించి అడిగినట్టు లేదు.

"కాండేలా అమ్మా. లాటిన్‌లో కాండేలా అంటే వత్తి దీపం. తెల్లగా మెరవడం అనే మాట నుంచి వచ్చింది. అక్కడి నుంచి గ్రీకుకు పోయింది, అటు సిరియా, అరబ్బు దేశాలకు పోయి ఖందీల్ అయ్యింది. పారసీలోకి, ఉర్దూలోకి, మీ ఇంట్లోకి వచ్చింది. ఇంకో దారిలో ఇంగ్లండు పోయి క్యాండిల్ అయ్యింది. ఫ్రెంచివాళ్ళు షాండెల్ అంటారు. స్పెయిన్‌లో ఇప్పటికీ కాండేలానే." తర్వాత నవ్వాడు. "ఎన్నికల్లో నిలబడేవాణ్ణి క్యాండిడేట్ అంటారు కదా, అదీ ఈ ఇంటి పిల్లే. రోములో పదవి కోసం ఓట్లడిగేవాళ్ళు బట్టలకు సుద్ద పూసుకుని తెల్లగా తయారై తిరిగేవారు. తెల్లబట్టలవాడు అని అర్థం."

"మా లీడర్లు సుత తెల్లంగీలే ఫాదర్. రెండు వేల ఏండ్లయినా దర్జీ మారలేదు" అంది మున్నవర్.

ఆయన ఇంకో మాట కూడా చెప్పాడు. మన చంద్రుడు, లాటిన్ వాళ్ళ ఆ మెరవడం అనే మాట, రెండూ ఎప్పుడో ఒకే పాత మాట నుంచి చీలినవని భాషలు చదివినవాళ్ళు అంటారట. మున్నవర్ మొహం వెలిగింది. నాకు కూడా ఒళ్ళు పులకరించింది, దాచడమెందుకు. కందీలు, చంద్రుడు దూరపు చుట్టాలని ఎవరికి తెలుసు? నేను లెక్కల మనిషినైనా ఆ రోజు మాటలు అంటే గౌరవం పుట్టింది.

అంతలో మున్నవర్ అడగకూడనిది అడిగింది. "మరి లాంతరు?"

"లాంతెర్నా. అదీ లాటినే. గ్రీకు నుంచి లాటిన్‌కు, అక్కడి నుంచి ఇంగ్లీషు లాంటర్న్, మీ తెలుగు లాంతరు."

తిరుగు రైలులో కిటికీ పక్క కూర్చుని నేను లెక్క వేశాను. ప్రిన్సిపాల్ అడిగింది తెలుగు మాట అని రుజువు. మాకు దొరికింది తెలుగు మాట కాదని రుజువు. "చూడు మున్నవర్" అన్నాను, "ఏదో ఒక తెలంగాణ పదాల పుస్తకంల కందీలు ఉంటది. గది చూపిచ్చి తరగతి తీసుకో. అరబ్బీ, రోము, గీ కథంత ఎందుకు? సారు ఆ తోక పట్టుకుంటే నీ పదో తరగతి మల్ల రాదు."

"సగం చెప్పుడు అబద్ధం చెప్పుడే అక్కా."

"అయితె తరగతి పోతది."

"పోదు. నిజం మన దిక్కుంటే ఎందుకు పోతది?" అని పల్లీల పొట్లం నా చేతిలో పెట్టింది. ఆ ధీమా చూస్తే నాకు కోపం వచ్చింది. నిజం మా దిక్కు లేదనే కదా నేను చెబుతున్నది. ఆలేరు నుంచి కాజీపేట దాకా ఆమెతో మాట్లాడలేదు. ఆమె అది గమనించినట్టు కూడా లేదు.

క్షమించాలి, ఆలేరు జనగామకు ఇవతల కాదు, అవతల. కోపంలో నాకు స్టేషన్లు కూడా తారుమారవుతాయి. జనగామ నుంచి కాజీపేట దాకా మాట్లాడలేదని చదువుకోండి.

పండుగకు ఆమె భూపాలపల్లి పోయింది. భర్త అఫ్జల్ అక్కడ బొగ్గుగనిలో ఎలక్ట్రీషియన్. పిల్లల్లేరు, ఇద్దరూ వారానికొకసారి పరకాల మీదుగా బస్సెక్కి ఒకరి దగ్గరికొకరు పోయేవారు. సేమ్యా తింటూ ఈ కథంతా చెబితే అఫ్జల్ లేచి తన ఐటీఐ పుస్తకం తీసి చూపించాడట. ప్రపంచమంతటా వెలుగు తీవ్రతను కొలిచే కొలత పేరు క్యాండెలా. "మీ నాయిన బాగుచేసిన కందీలు పేరు మీదనే దునియా మొత్తం వెలుగును కొలుస్తది. ఇంకేం రుజువు కావాలె?" అన్నాడట. ఆ మాట నాకు చెబుతున్నప్పుడు మున్నవర్ మొహం చూడాలి. మొగుడు పట్టుచీర తెచ్చినా ఆడది అంత మురవదు.

మర్నాడే ప్రిన్సిపాల్ గదికి వెళ్ళింది. ఆయనకు ఫోన్ల మీద ఫోన్లు. సమ్మె తారీఖు ఖాయమైంది, బడి నడపాలా మూయాలా అని తల్లిదండ్రులు అడుగుతున్నారు. "మున్నవర్ గారూ, ఇప్పుడు కందీళ్ళేవిటండీ, ఈ గొడవ సద్దుమణగనివ్వండి" అన్నారు. మూడో రోజుకు బడికి తాళం పడింది.

ఆ సమ్మెలో మా దగ్గర ఒక పద్ధతి ఉండేది. ఎవరి పని వాళ్ళు మానేయడం సరే, ఆ పనినే నడిరోడ్డు మీదికి తెచ్చి చేసి చూపించడం. మంగలివాళ్ళు రోడ్డు మీద కుర్చీ వేసి గడ్డాలు గీశారు. చాకలివాళ్ళు బల్ల వేసి ఇస్త్రీ చేశారు. కుమ్మరులు సారె తిప్పారు. ఆడవాళ్ళు పొయ్యిలు పెట్టి వంట చేసి అందరికీ వడ్డించారు. మా ఆయన లాంటి వ్యాపారులు కూడా తక్కెడ తెచ్చి రోడ్డు మీద కూర్చున్నారు, ఒక్క గింజ అమ్మకుండా. ఇక పంతుళ్ళ వంతు వచ్చింది. ఒక పొద్దున మానుకోట నడిబజారులో నల్లబల్ల నిలబెట్టారు. గోనెపట్టాలు పరిచి పిల్లలను కూర్చోబెట్టారు. లెక్కల పాఠం నేను చెప్పాను. సగం మంది జనం లేచి టీ తాగడానికి పోయారు. తర్వాత మున్నవర్‌ను పిలిచారు.

మా పదో తరగతి పిల్లలు ముందు వరుసలో ఉన్నారు. ఆమె బల్ల మీద "కందీలు" అని పెద్దగా రాసింది. అప్పుడే వెంకటరత్నం గారు గబగబా నడుచుకుంటూ వచ్చారు. పోలీసు బండ్లు రావచ్చని ఎవరో చెప్పారట, పిల్లలను ఇళ్ళకు చేరుద్దామని ఆయన తొందర. కానీ జనానికి కనిపించింది పిల్లల కోసం వచ్చిన పంతులు కాదు, పాఠం ఆపడానికి వచ్చిన ఆంధ్ర సారు.

ఆటో యూనియన్ నాయకుడు బాలనర్సయ్య ఆయన దారికి అడ్డం నిలబడ్డాడు. కందీలు సంగతి పిల్లల ద్వారా ఊరంతా పాకింది. "సారూ, గా మాట తప్పని కొట్టేసింది మీరే గద. గిన్నేండ్లు సినిమాలల్ల మా మాటల మీద నవ్విన్రు. గిప్పుడు మా పిల్లల కాయితాల మీద గీతలు పెడుతున్నరు." మైకు ఆయన మొహం ముందు పెట్టాడు. "కందీలు అనున్రి. అందరి ముంగట అని, తప్పయిందని చెప్పి పోన్రి." చుట్టూ ఉన్నవాళ్ళు దగ్గరికి జరిగారు. నాకు భయం వేసింది. చేతులు లేస్తే ఆపడం ఎవరి వల్లా కాదు.

మున్నవర్ వచ్చి మైకు తీసుకుంది. బాలనర్సయ్య చేతిలోంచి తీసుకుంది, గుంజుకోలేదు. "అన్నా, సారు నన్ను రుజువడిగిండు. అడిగినోనికి జవాబు చెప్పాలె గని, మెడ మీద కూసోని మాట అనిపియ్యొద్దు. గట్ల అనిపిస్తే మన మాటకే ఇజ్జత్ పోతది." ప్రిన్సిపాల్ వైపు తిరిగింది. "సార్, రుజువు తెచ్చిన. కూసోండ్రి."

ఆయన పిల్లల పక్కన గోనెపట్టా మీద కూర్చున్నారు.

ఆమె చెప్పింది అంతా. రోములో పుట్టిన కాండేలా, గ్రీకు దాటి, అరబ్బుల ఒంటెల మీద ఎక్కి, పారసీ, ఉర్దూల చేతులు మారి దక్కన్‌కు ఎలా వచ్చిందో చెప్పింది. క్యాండిడేట్ తెల్లబట్టల సంగతి చెబితే జనం పగలబడి నవ్వారు. అఫ్జల్ పుస్తకంలోని క్యాండెలా కొలత చెప్పింది. చంద్రుడి చుట్టరికం చెప్పింది. టీకి పోయినవాళ్ళు గ్లాసులతోనే వెనక్కి వచ్చారు. అప్పుడు ఆమె బల్ల మీద "కందీలు" పక్కన "లాంతరు" అని రాసింది. ఇక్కడ ఆపెయ్యి తల్లీ అనుకున్నాను.

"గిది సుత గా రోము నుంచే వచ్చింది. కందీలు నేల మీద నడుసుకుంట వచ్చింది, లాంతరు ఇంగ్లీషోళ్ల ఓడల వచ్చింది. మనది మొదలొచ్చింది, వాళ్లది ఎనుక వచ్చింది. ముందొచ్చిన చెవుల కన్న ఎనుకొచ్చిన కొమ్ములు వాడి అన్నట్టు, లాంతరు పుస్తకాలకెక్కింది, కందీలు గోడకే మిగిలింది. రెండు మాటలూ పరాయియే. రెండు మాటలూ మనయే. సార్, మీరు తెలుగు మాట అని రుజువు చూపియ్యమన్నరు. నేను చూపియ్యలేను. కందీలుకు లేదు, మీ లాంతరుకు లేదు."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. బాలనర్సయ్యకు ఇది నచ్చలేదు. "టీచరమ్మా, గిదేంది? మనదీ వాళ్లదీ ఒక్కటే అంటవా? మరి గీ కొట్లాట ఎందుకు?"

"పుట్టుక ఒక్కటే అన్న అన్నా. ఒక తల్లి కడుపుల పుట్టిన అక్కచెల్లెండ్లయినా ఎవల పొయ్యి వాళ్లకుంటది. నా పొయ్యి నాకు కావాలె అన్నంత మాత్రాన చెల్లె మా అమ్మ బిడ్డ గాదంటనా? నా కూర జూసి నవ్వకు అంటున్న. గంతే."

మొదట వంట చేస్తున్న ఆడవాళ్ళ వైపు నుంచి చప్పట్లు వచ్చాయి. పొయ్యి మాట వాళ్ళకు ముందు అర్థమైంది. తర్వాత అందరూ కొట్టారు. బాలనర్సయ్య తల గోక్కుని, "నీతోని మాట్లాడి గెలుసుడు కష్టం" అన్నాడు. పాఠం అయ్యాక, పోలీసు బండ్లు రాకముందే, పదో తరగతి పిల్లలను ఇళ్ళకు చేర్చింది కూడా అతని యూనియన్ ఆటోలే. ముందు సీట్లో వెంకటరత్నం గారు కూర్చున్నారు. మున్నవర్‌తో ఒక్క మాట కూడా అనలేదు. తరగతి పోయినట్టే అనుకున్నాను నేను.

సమ్మె ముగిసి బడి తెరిచిన రోజు ఆయన స్టాఫ్ రూముకే వచ్చారు. చేతిలో నీలి కాగితం ఉంది. "మీ రుజువు ప్రకారం ఇది తెలుగు మాట కాదు" అన్నారు.

"కాదు సార్."

"మా చిన్నప్పుడు సాయంత్రం లాంతరు బుడ్డి తుడిచే పని నాది. ముగ్గుతో తుడిచేవాణ్ణి. అది మీ భాష కాదురా అని ఆనాడు ఎవరైనా అంటే వాణ్ణి కొట్టేవాణ్ణి." కాగితం బల్ల మీద పెట్టారు. ఎర్రగీత పక్కన తప్పు కాదని రాసి సంతకం చేసి ఉంది, మార్కు కూడా సరిచేసి ఉంది. "పదో తరగతి మీది. రేపటి నుంచి కాదు, ఇప్పటి నుంచే."

మున్నవర్ పరుగు లాంటి నడకతో పోయింది. నా పీరియడ్ లేదు, ఆమె వెంట నేనూ పోయి గుమ్మం దగ్గర నిలబడ్డాను. గెలిచిన మనిషిని చూడడం నాకు ఇష్టం. పిల్లలు గోలగోలగా లేచి నిలబడ్డారు. ఆమె నీలిని పిలిచి కాగితం చేతిలో పెట్టింది. "చూడు బిడ్డా. నీ మాట నిలబడ్డది. మీ ఇంటి మాటను ఎవలు తప్పు అనలేరు ఇగ."

నీలి కాగితం చూసింది. మార్కు చూసింది. సంతోషపడినట్టు లేదు. "మంచిది టీచర్" అని ఊరుకుంది.

"ఏంది, గట్ల అంటున్నవ్?"

"కందీలు మా ఇంటి మాట గాదు టీచర్."

"మా తండాల దీవో అంటం. ఆరో తరగతిల గట్లనే రాసిన. మీరు కొట్టేసి కందీలు అని రాసిన్రు. అప్పటి సంది కందీలు అనే రాస్తున్న."

నీలి గొంతులో నిష్ఠూరం లేదు. అడిగారు కాబట్టి చెప్పింది. మున్నవర్ ఊరిని దాటి, జిల్లాను దాటి, రోము దాకా పోయి మాట మూలం పట్టుకొచ్చింది. ఆటోలో అరగంట దూరం ఉన్న తండా దాకా మాత్రం పోలేదు. నాకు ఆమె మీద జాలి వేసింది, నా మీద కూడా వేసింది. ఆ పిల్లకు లెక్కలు చెబుతున్న నాకు, వాళ్ళింట్లో అంకెలను ఏమంటారో ఇప్పటికీ తెలియదు.

"నేనే కొట్టేసిన్నా?" అంది మున్నవర్.

"ఎర్ర పెన్నుతోని టీచర్."

ఆమె తలెత్తి అందరికీ వినబడేలా చెప్పింది. "అయితే తప్పు నాది. సారు చేసిందే నేను చేసిన, సారుకంటె ముందు చేసిన. సారు రుజువన్న అడిగిండు, నేను అది సుత అడగలే." సుద్దముక్క తీసి నీలి చేతిలో పెట్టింది. "గా మాట బోర్డు మీద రాయి."

"మా భాషకు అక్షరాలు లేవు టీచర్."

"నువ్వెట్ల అంటవో గట్లనే గీ అక్షరాలతోని రాయి. నీకు తెలిసినంత గీడ ఎవలకు తెల్వది."

నీలి వెళ్ళి రాసింది. దీవో. చిన్న అక్షరాలు, బల్లకు ఒక మూలన. మున్నవర్ దాన్ని చదివింది, పద్యం చదివే గొంతుతో, గట్టిగా.

"గట్ల గాదు టీచర్" అంది నీలి.

మున్నవర్ మళ్ళీ పలికింది. నీలి తల అడ్డంగా ఊపి, పలికి వినిపించింది. పదో తరగతి మొత్తం చూస్తుండగా మున్నవర్ బేగం మూడోసారి పలకడానికి నోరు తెరిచింది.